వడ్ల కాంటా నుంచి రైతు చేతికి తెలుగు చిట్టీ: ప్రాజెక్టు డైరీ

మిర్యాలగూడ చుట్టుపక్కల, సాగర్ ఎడమ కాలువ కింది కొనుగోలు కేంద్రాల్లో కాంటాలన్నీ ఎలక్ట్రానిక్‌వే. తూకం అంకె తెర మీద ఎర్రగా వెలుగుతుంది. కాగితం మీదికి మాత్రం చేత్తోనే ఎక్కుతుంది. ఒకరు చదువుతారు, ఒకరు గీతలు గీస్తారు, చివరికి బస్తాల లెక్కను 40తో గుణించి మొత్తం వేస్తారు. ఏ బస్తా ఎంత తూగిందో చెప్పే కాగితం రైతు దగ్గర ఉండదు.

తరుగు పంచాయితీ లేచేది ఇక్కడే. బస్తాకు 300 గ్రాములు అదనంగా పోతే 100 క్వింటాళ్లకు, అంటే 250 బస్తాలకు, 75 కిలోలు పోయినట్టు. 2025-26 సీజన్‌లో గ్రేడ్-ఏ వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,389 రూపాయలు. ఆ లెక్కన రైతుకు దాదాపు 1,790 రూపాయల నష్టం. బస్తాకు కిలో పోతే 5,970 దాటుతుంది. కాంటా అంకెను చదివి చిట్టీ కొట్టే చిన్న పెట్టె ఒకటి మేం తయారు చేశాం. అది ఆ తరుగును ఆపజాలదు. ఎంత పోయిందో బస్తా బస్తాకూ తెలుగులో అచ్చు వేసి రైతు చేతిలో పెడుతుంది. అధికారిక ట్రక్ షీట్‌కు (లారీలో మిల్లుకు పోయే వడ్ల లెక్క కాగితానికి) ఇది బదులు కాదు, దాని పక్కన ఉండే రెండో లెక్క.

ధరలన్నీ కొన్న రోజున పడినవి, రూపాయల్లో. పక్కన పెట్టేసిన వస్తువుల ఖర్చు కూడా మొత్తంలో కలిపి ఉంది.

దశ 1: కాంటా నుంచి అంకె తీయడం

ముందు ఒక నియమం. కాంటా విప్పొద్దు. సొంతంగా లోడ్‌సెల్ (బరువును కరెంటు సంకేతంగా మార్చే భాగం), దాన్ని చదివే హెచ్ఎక్స్711 బోర్డు పెట్టి తూచే పద్ధతులు చాలా కనిపిస్తాయి. చదువుకోవడానికి అవి బాగుంటాయి గానీ, తూనికలు కొలతల శాఖ ముద్ర లేని కాంటాతో కొనుగోలు చేయడం చట్టవిరుద్ధం. ముద్ర ఉన్న కాంటా సీలు తెంపినా అంతే. కాబట్టి కాంటా జోలికి పోకుండా, ఇండికేటర్ (అంకె చూపే తెర ఉన్న డబ్బా) వెనక ఉన్న ఆర్ఎస్-232 సాకెట్ (అంకెలను తీగ మీద బయటికి పంపేది) నుంచి వచ్చే అంకెను వినడం ఒక్కటే చేశాం.

కొన్నవి: ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రాం నడిపే చిన్న చిప్పు బోర్డు) 420, మ్యాక్స్3232 మాడ్యూల్ 90, తొమ్మిది పిన్నుల కనెక్టర్, 5 మీటర్ల షీల్డ్ కేబుల్ కలిపి 160.
ఇప్పటిదాకా: 670.

1. ఆర్ఎస్-232 లైను మీద వోల్టేజీ ప్లస్, మైనస్ రెండు వైపులా 3 నుంచి 15 వోల్టుల దాకా ఊగుతుంది. 3.3 వోల్టుల బోర్డుకు నేరుగా కలిపితే పిన్ను కాలిపోతుంది. మధ్యలో మ్యాక్స్3232 తప్పనిసరి. పాత మ్యాక్స్232 కొనొద్దు, దానికి 5 వోల్టులు కావాలి.
2. కలపాల్సినవి రెండే తీగలు: ఇండికేటర్ పంపే లైను, గ్రౌండు. మన వైపు నుంచి పంపే తీగను కలపొద్దు. కొన్ని ఇండికేటర్లు అటు నుంచి ఒక అక్షరం వస్తే సున్నా చేసుకుంటాయి, టేర్ చేసుకుంటాయి (మీదున్న బరువును తీసేసి లెక్కిస్తాయి). మన పెట్టె కాంటాను మార్చే అవకాశమే ఉండకూడదు. రైతుకు గానీ కేంద్రం వాళ్లకు గానీ అనుమానం వస్తే, తీగలు రెండేనని చూపించగలగాలి.
3. షీల్డును (కేబుల్ లోపలి లోహపు తొడుగును) ఒక కొసనే గ్రౌండు చేయాలి.

తేడా కొట్టినవి: మొదట వచ్చినవన్నీ పిచ్చి గుర్తులు. బాడ్ రేటు (అంకెలు పంపే వేగం) 9600 అనుకుంటే ఇండికేటర్‌లో 2400 ఉంది. సెట్టింగ్ మెనూలో చూస్తే తెలుస్తుంది, లేదంటే 1200 నుంచి 9600 దాకా ఒక్కొక్కటే పెట్టి చూడాలి. అది సరిచేశాక అంకెలు వచ్చాయి, కానీ తెర మీద 40.65 ఉంటే ఇక్కడ "=56.0400" అని వచ్చింది. ఈ రకం ఇండికేటర్లు చివరి అంకెను ముందు పంపుతాయి. సమాన గుర్తు తర్వాతి ఏడు అక్షరాలను తిరగేస్తే 0040.65 వస్తుంది. 40.04 లాంటి బరువుతో పరీక్షిస్తే ఇది బయటపడదు, తిరగేసినా అదే అంకె. పరీక్షకు 12.35 లాంటి బరువు ఎంచుకోవాలి.

వడ్లు తూర్పారబట్టే మెషిన్ మోటారు పక్కనుంచి కేబుల్ పోతే మధ్యమధ్యలో ఒక అక్షరం చెడిపోతుంది. కేబుల్‌ను మోటారుకు దూరంగా జరిపాం. పొడవు సరిపోని వరుసను, అంకె కాని అక్షరం ఉన్న వరుసను ప్రోగ్రాం పడేసేలా మార్చాం. సెకనుకు పది దాకా వరుసలు వస్తాయి కాబట్టి ఒకటి పోయినా లోటు లేదు.

దశ 2: ఏ అంకెను నమోదు చేయాలి?

మొత్తం పనిలో కష్టమైన చోటు ఇదే. ఈ పెట్టెను కాపీ చేసేవాళ్లు ఎక్కువ సమయం పెట్టాల్సింది కూడా ఇక్కడే.

కొన్నవి: బజర్ 30, కాలింగ్ బెల్ బటన్లు రెండు 90.
ఇప్పటిదాకా: 790.

మొదటి పద్ధతి: చివరి ఎనిమిది రీడింగుల మధ్య తేడా 50 గ్రాములు దాటకపోతే బరువు నిలిచినట్టు లెక్క, వెంటనే నమోదు. బల్ల మీద ఇది చక్కగా పనిచేసింది. కల్లంలో పనికిరాలేదు. హమాలీ బస్తాను కాంటా మీద పెట్టగానే పని అయిపోదు. 41.3 వస్తే చాటతో తీస్తాడు, 40.4 అయితే కొంచెం పోస్తాడు, 40.6 దగ్గర ఆపుతాడు. ఈ మధ్యలో బరువు రెండు మూడు సార్లు నిలుస్తుంది. ఒక్క బస్తాకు మూడు నమోదులు పడ్డాయి.

రెండో పద్ధతి: ఒకసారి నమోదయ్యాక కాంటా ఖాళీ అయ్యేదాకా ఇంకోటి తీసుకోకుండా ఆపడం. అప్పుడు 41.3 నమోదై, అసలు తూకం వదిలేసింది. ఇది మొదటి దానికంటే ప్రమాదం, ఎందుకంటే బస్తాల లెక్క సరిగ్గానే ఉంటుంది, బరువు తప్పు.

మూడో పద్ధతి, ఇప్పుడు నడుస్తున్నది:

1. బరువు 20 కిలోలు దాటితే బస్తా వచ్చినట్టు.
2. 1.2 సెకన్ల పాటు తేడా 50 గ్రాములలోపు ఉంటే ఆ అంకెను తాత్కాలికంగా పెట్టుకోవాలి, బజర్ ఒకసారి మోగాలి.
3. మళ్లీ నిలిస్తే పాత అంకె మీద కొత్తది రాయాలి, మళ్లీ మోగాలి.
4. బరువు 20 కిలోల కిందికి పడిపోయినప్పుడు మాత్రమే చివరి అంకెను ఖాయం చేయాలి.
5. తప్పు పడితే మొదటి బటన్ నొక్కాలి. అది చెరిపేయదు, ఆ వరుస పక్కన 'రద్దు' అని రాస్తుంది. చిట్టీ మీద కూడా రద్దు కనిపిస్తుంది.

రెండో బటన్ ఒక రైతు తూకం ముగిసిందని చెప్పడానికి.

బస్తా లేపేటప్పుడు హమాలీ చెయ్యి ఆనిస్తే ఏమవుతుందని చూశాం. ఒంటి బరువు కుదురుగా ఉండదు, అంకె 200, 300 గ్రాములు ఊగుతూనే ఉంటుంది, 1.2 సెకన్ల నియమం దాటదు. 0.6 సెకన్లు పెట్టినప్పుడు మాత్రం దాటింది. రెండు సెకన్లు పెడితే హమాలీలు ఆగరు. వాళ్ల కూలి బస్తా లెక్కన, ఆపితే ఆ నష్టం వాళ్లదే. మన పరికరం వాళ్ల వేగానికి తగ్గట్టు ఉండాలి.

సున్నా సంగతి: ప్లాట్‌ఫాం మీద రాలిన గింజలు, దుమ్ము కలిసి 150 గ్రాములు చూపిస్తాయి. ఖాళీ కాంటా సున్నాకు 50 గ్రాములలోపు లేకపోతే బజర్ ఆగకుండా మోగుతుంది, కొత్త రైతు తూకం మొదలవదు. ఊడ్చి, సున్నా చేస్తేనే ముందుకు పోతుంది.

దశ 3: తెలుగు అచ్చు

కొన్నవి: 58 మిల్లీమీటర్ల చిన్న ప్యానెల్ థర్మల్ ప్రింటర్ (సిరా లేకుండా వేడితో అచ్చు వేసేది) 1,900.
ఇప్పటిదాకా: 2,690.

ప్రింటర్‌కు "వడ్లు" అని పంపితే చైనా అక్షరాలు వచ్చాయి. చవక థర్మల్ ప్రింటర్లలో తెలుగు ఫాంటు ఉండదు. యూటీఎఫ్-8 యూనికోడ్‌లో ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లుగా పోతుంది, ప్రింటర్ వాటిని తనకు తెలిసిన పట్టికలో వెతుక్కుంటుంది. ఇంగ్లిష్‌లో అచ్చు వేస్తే అరగంటలో అయిపోయే పని. కానీ ఈ చిట్టీని చదవాల్సింది రైతు. ఆయన చదవలేని రుజువు ఆయన చేతిలో ఎందుకు? అందుకని ఇక్కడ తగ్గలేదు.

దారి ఒకటే: తెలుగు పాఠాన్ని బొమ్మగా గీసి ఆ బొమ్మను అచ్చు వేయాలి. గీయడానికి ఫాంటు ఉంటే చాలదు. గుణింతాలను, ఒత్తులను సరైన చోట కూర్చే ఇంజిన్ కావాలి, అది హార్ఫ్‌బజ్. 520 కిలోబైట్ల మెమరీ ఉన్న ఈఎస్‌పీ32 మీద దాన్ని నడపడం దండగ. బోర్డు మార్చాం.

కొన్నవి: రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ (బోర్డంత చిన్న కంప్యూటర్) 1,750, 32 జీబీ మెమరీ కార్డు 450.
ఇప్పటిదాకా: 4,890. పక్కన పెట్టినది: ఈఎస్‌పీ32, 420.

రాస్ప్‌బెర్రీ పై మీద సీరియల్ పోర్టు వాడేవాళ్లు రెండు చూసుకోవాలి. సీరియల్ కన్సోల్ ఆపాలి. బ్లూటూత్‌ను ఆపే ఓవర్‌లే లైను కాన్ఫిగ్ ఫైల్‌లో పెట్టాలి. లేకపోతే దొరికేది మినీ యూఆర్ట్ అనే సాదా రకం పోర్టు, దానికి పారిటీ (తప్పు పట్టుకునే అదనపు బిట్) రాదు. ఏడు బిట్లు, ఈవెన్ పారిటీతో పంపే ఇండికేటర్ వస్తే చదవలేదు.

పైథాన్‌లో బొమ్మలు గీసే పిల్లో లైబ్రరీతో గీసినప్పుడు వచ్చిన తేడాలు, సరిచేసిన వరుసలో:

1. "మొత్తం" అని రాయమంటే తకు తావత్తు కిందికి దిగలేదు, పొల్లుతో రెండు తలు పక్కపక్కన పడ్డాయి. రాక్మ్ అనే భాగం లేకపోతే పిల్లో ఏ హెచ్చరికా లేకుండా సాదా పద్ధతికి దిగిపోతుంది. రాక్మ్ ఉందో లేదో ప్రోగ్రాం మొదట్లోనే అడిగి, లేకపోతే ఆగిపోయేలా రాశాం.
2. అక్షరాల అంచులు చుక్కలు చుక్కలుగా వచ్చాయి. బొమ్మను నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు పిల్లో మామూలుగా డితరింగ్ (బూడిద రంగును నల్ల చుక్కలుగా విడగొట్టడం) చేస్తుంది. అది ఆపి, 255లో 160 కంటే తక్కువ ఉన్న ప్రతి చుక్కా నలుపు అని గీత గీశాం.
3. తలకట్లు, సున్నాలు పూడుకుపోయాయి. 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) అంటే మిల్లీమీటరుకు 8 చుక్కలే. నోటో సాన్స్ తెలుగు మామూలు మందంలో 26 చుక్కల కంటే చిన్నది పెట్టొద్దు. బోల్డ్ అసలే వద్దు.
4. ఒత్తుల కింది భాగం తెగిపోయింది. ఇంగ్లిష్‌కు సరిపోయే వరుస ఎత్తు తెలుగుకు చాలదు. 26 చుక్కల అక్షరానికి 44 చుక్కల వరుస ఇచ్చాం. అంకెలు మాత్రమే ఉన్న వరుసలకు 32 చాలు, కాగితం మిగులుతుంది.

ఆ తర్వాత వేగం. అచ్చు వెడల్పు 48 మిల్లీమీటర్లు, అంటే 384 చుక్కలు, వరుసకు 48 బైట్లు. 60 మిల్లీమీటర్ల చిన్న చిట్టీకి 480 వరుసలు, 23,040 బైట్లు. ప్యానెల్ ప్రింటర్ 9600 బాడ్ మీద సెకనుకు 960 బైట్లే తీసుకుంటుంది. 24 సెకన్లు! 250 బస్తాల పొడుగు చిట్టీ 300 మిల్లీమీటర్లు దాటుతుంది, దానికి రెండు నిమిషాల పైనే. వెనక ట్రాక్టర్లు ఆగి ఉన్నప్పుడు రెండు నిమిషాలు ఎవరూ ఓపిక పట్టరు. దానికి తోడు ప్రింటర్ తల వేడెక్కే ప్రతిసారీ కరెంటు ఒక్కసారిగా గుంజి, అదే 5 వోల్టుల లైను మీద ఉన్న రాస్ప్‌బెర్రీ పై రీస్టార్ట్ అయింది. రెండు సమస్యలకూ ఒకే మందు: యూఎస్‌బీ ఉండి, 12 వోల్టుల మీద నడిచే ప్రింటర్.

కొన్నవి: యూఎస్‌బీ థర్మల్ ప్రింటర్ 2,600, ఓటీజీ హబ్ 250, అంకెల కీప్యాడ్ 350.
ఇప్పటిదాకా: 8,090. పక్కన పెట్టినవి: ఈఎస్‌పీ32, ప్యానెల్ ప్రింటర్ కలిపి 2,320.

బొమ్మ మొత్తం ఒకేసారి పంపితే ప్రింటర్ బఫర్ నిండి సగంలో చెత్త కొట్టింది. 24 వరుసల పట్టీలుగా కోసి పంపితే ఆగింది.

చిట్టీ నమూనా:

కాంటా చిట్టీ నం. 17
రైతు కోడ్: ........
తేమ: 16.4 శాతం
40.65 40.60 40.70
40.60 40.55 40.65
బస్తాలు: 6
మొత్తం: 243.75 కిలోలు
సంచుల బరువు: 3.48
నికరం: 240.27 కిలోలు

తేమను మీటర్ చూసి కీప్యాడ్ మీద కొట్టాలి. 17 శాతం దాటితే ప్రోగ్రాం ఏమీ అనదు, అంకెను అలాగే అచ్చు వేస్తుంది. తీసుకోవాలా వద్దా అన్నది కేంద్రం వాళ్ల పని.

దశ 4: సంచి బరువు

కొత్త గన్నీ సంచి 580 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, వాడిన సంచి అంతకంటే తేడాగా. ఇక్కడ ఒక చిక్కు. ఇండికేటర్ పట్టీ మీద 'e' అనే విలువ (ముద్ర లెక్కలో కాంటా అతి చిన్న మెట్టు) 50 గ్రాములు అని ఉంటే, ఆ తరగతి కాంటా తూచగల కనీస బరువు దానికి 20 రెట్లు, అంటే కిలో. ఒక్క ఖాళీ సంచిని తూచి వచ్చిన అంకెను నమ్మకూడదు.

1. అదే లాటు నుంచి పది సంచులు తీయాలి, తడివి వద్దు.
2. కట్టగట్టి తూచాలి, సుతిలి లేకుండా.
3. పదితో భాగించి, వచ్చిన అంకెను రైతు ముందే కీప్యాడ్ మీద కొట్టాలి.
4. సంచుల లాటు మారితే మళ్లీ తూచాలి.

సరి చూసుకోవడం: ముద్ర ఉన్న 20 కిలోల రాళ్లు రెండు పెడితే తెర మీద, చిట్టీ మీద ఒకే అంకె రావాలి. 40 కిలోల దగ్గర ఈ కాంటాకు ముద్ర వేసేటప్పుడు 50 గ్రాముల తేడా, వాడకంలో 100 గ్రాముల తేడా దాకా అనుమతి ఉంది. ఒక రాయిని ప్లాట్‌ఫాం నాలుగు మూలలా పెట్టి చూడాలి. మూలమూలకూ అంకె మారితే అది మన పెట్టె లోపం కాదు, కాంటా రిపేరుకు పోవాలి. వే బ్రిడ్జి తూకంతో పోల్చేవాళ్లు అది చూపే అతి చిన్న మెట్టు 5 లేదా 10 కిలోలని గుర్తుంచుకోవాలి. 4,872 కిలోల లోడు అక్కడ 4,870 అని కనిపిస్తే తేడా లేనట్టే.

దశ 5: కరెంటు, గడియారం, ఎండ

కొన్నవి: 12 వోల్టుల 7 యాంపియర్ అవర్ బ్యాటరీ 1,050, 5 వోల్టుల బక్ కన్వర్టర్ (12 వోల్టులను 5కి తగ్గించేది) 110, ఫ్యూజ్ 40, తీగ 120, గడియారం మాడ్యూల్ 180, పెన్ డ్రైవ్ 300, పెట్టె 350.
ఇప్పటిదాకా: 10,240.

ఇండికేటర్ లోపలి బ్యాటరీ నుంచి కరెంటు తీసుకోవద్దు, అది పడిపోతే తూకమే కదులుతుంది. బ్యాటరీ నుంచి ప్రింటర్‌కు నేరుగా ఒక తీగ, రాస్ప్‌బెర్రీ పై బోర్డుకు బక్ కన్వర్టర్ మీదుగా విడిగా ఇంకో తీగ. సగటున 12 వోల్టుల దగ్గర 0.25 యాంపియర్లు, అంటే 3 వాట్లు. బ్యాటరీలో 84 వాట్ అవర్లు ఉంటాయి, సగమే వాడుకుంటే 14 గంటలు. పొద్దున మొదలుపెడితే రాత్రి కాంటా దాకా సరిపోతుంది.

ఈ రాస్ప్‌బెర్రీ పై బోర్డులో గడియారం ఉండదు. నెట్ లేని చోట ఆన్ చేస్తే పాత తేదీ అచ్చు వేసింది. తేదీ తప్పున్న చిట్టీ పంచాయితీలో నిలబడదు, అందుకే డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టాం. ఆ మాడ్యూళ్లలో చాలావాటికి ఛార్జింగ్ సర్క్యూట్ ఉంటుంది, మామూలు సీఆర్2032 సెల్‌ను ఛార్జ్ చేయకూడదు. 3.3 వోల్టులే ఇవ్వాలి, ఆ ఛార్జింగ్ సర్క్యూట్‌లోని డయోడ్ కూడా తీసేస్తే ఇంకా మేలు.

తీగ ఊడి పెట్టె ఆగిపోతే మెమరీ కార్డు చెడిపోయే ప్రమాదం ఉంది. సిస్టం భాగాన్ని ఓవర్‌లే పద్ధతిలో (కార్డు మీద ఏమీ రాయకుండా) చదవడానికి మాత్రమే పెట్టి, తూకాలను పెన్ డ్రైవ్ మీద ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్‌లో ప్రతి బస్తాకూ రాసేస్తున్నాం. ప్లగ్ పీకి చూస్తే మధ్యలో ఉన్న బస్తా ఒక్కటే పోయింది.

యాసంగి కోతలు ఏప్రిల్, మే ఎండల్లో వస్తాయి. థర్మల్ కాగితానికి వేడే శత్రువు. ట్రాక్టర్ ఇంజిన్ మీద పెట్టిన చిట్టీ నల్లబడింది, ప్లాస్టిక్ కవర్లో దాచినది వెలిసిపోయింది. రోల్స్ నీడలో ఉంచాలి. చిట్టీ ఇచ్చేటప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకోమని చెప్పాలి, జేబులో కాకుండా పాస్‌బుక్ కాగితాల మధ్య పెట్టుకోమనాలి.

అది చాలదని చిట్టీ కింద క్యూఆర్ కూడా చేర్చాం. తెలుగు అక్షరాలు పెడితే గళ్లు పెరిగిపోతాయి, అందుకని అంకెలే. బస్తాకు నాలుగు అంకెలు, 200 బస్తాలకు 800, చిట్టీ నంబరూ తేదీ అదనం. 65 గళ్ల చదరంలో పడుతుంది. అంచు ఖాళీతో కలిపి 73 గళ్లు, గడికి 5 చుక్కల చొప్పున 365 చుక్కలు. 384లో సరిపోయింది. 200 బస్తాలు దాటితే రెండో క్యూఆర్.

గీతలు గీసే మనిషి పని పోలేదు, మారింది. ఇప్పుడు ఆయన తేమ కొట్టడం, సంచులు లెక్కపెట్టడం, లారీ ఎక్కిన బస్తాలను చిట్టీతో సరిచూడటం చేస్తున్నాడు. ఇదివరకు ఈ మూడో పనికి ఎవరికీ తీరిక ఉండేది కాదు.

కాపీ చేసేవాళ్లకు

పక్కన పెట్టిన 2,320 తీసేస్తే ఖర్చు 7,920. కొనే ముందు ఈ వరుసలో చూసుకోండి:

1. ఇండికేటర్ వెనక ఆర్ఎస్-232 సాకెట్ ఉందా? లేకపోతే ఈ పద్ధతి కుదరదు.
2. కాంటా ముద్ర గడువు ఉందా?
3. ల్యాప్‌టాప్, యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌తో అంకెలు చదవగలిగాకే మిగతావి కొనండి.
4. ప్రింటర్ 12 వోల్టులదేనా, యూఎస్‌బీ ఉందా?

సీజన్ అయిపోయాక పెన్ డ్రైవ్‌లోని ఫైలును రెండు చోట్ల కాపీ చేసి పెట్టండి. ప్రింటర్ తలను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి, వడ్ల నూగు అంటుకుని గీతలు పడతాయి. బ్యాటరీ తీగలు ఊడదీసి, వానాకాలం కోతల దాకా నెలకోసారి ఛార్జ్ చేయండి.